ముగ్గురాయి బరువు తూచకుండా టెర్మినల్ గీయకండి: రేవు అధికారులకు, డిజైన్ ఇంజనీర్లకు కడప నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రేవుల అధికారులకు, గనుల శాఖ పెద్దలకు, ఖనిజ టెర్మినళ్ల డ్రాయింగులు గీసే కన్సల్టెంట్ ఇంజనీర్లకు,

నమస్కారం.

మన తీరంలో రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట రేవుల పనులు సాగుతున్నాయి. పాత రేవుల్లోనూ కొత్త బెర్తుల మాట వినిపిస్తోంది. సంతోషమే. ఖనిజాలను విడిగా, గుట్టలుగా ఓడకెక్కించే టెర్మినల్ ఎలా ఉంటే మాకు పనికొస్తుందో ఇంతకుముందే అర్జీ రూపంలో రాసి పంపాం. అందినట్టు రసీదు వచ్చింది, జవాబు రాలేదు. తీరంలో ఒకచోట ప్రజాభిప్రాయ సేకరణకు మావాళ్లు వెళితే, మీది ప్రాజెక్టు ప్రాంతం కాదు కదా అని మైకు ఇవ్వలేదు. ఏ రేవు, ఎవరన్నారు అన్నది ఇక్కడ అనవసరం. సముద్రానికి 150 కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్లకు రేవుతో ఏం పని అనే ఆలోచన మాత్రం ఆ ఒక్కచోటే లేదు. అందుకే ఈ లేఖను అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను ఇంజనీరును కాను. ఉమ్మడి కడప జిల్లాలోని మంగంపేట, ఓబులవారిపల్లె వైపు మిల్లుల నుంచి రేవులకు ముగ్గురాయి పంపే డిస్పాచ్ పని నాది. లారీ లోడు కావడం దగ్గర్నుంచి ఓడ కదిలాక, అందులోకెక్కిన సరుకు బరువు చెప్పే డ్రాఫ్ట్ సర్వే కాగితం చేతికొచ్చేదాకా ఏ మెట్టులో ఎంత డబ్బు జారిపోతుందో చూసేవాణ్ని. డ్రాయింగులో ఒక గీత అటో ఇటో పడితే ఇక్కడ ఎవరి కూలి తెగుతుందో చెప్పగలను. అంతవరకే నా అర్హత.

రాయి గురించి ముందు నాలుగు మాటలు చెప్పాలి. ముగ్గురాయి, అంటే బరైటీస్, రసాయనంగా బేరియం సల్ఫేట్. మంగంపేట నిక్షేపం ప్రపంచంలోని అతి పెద్ద వాటిలో ఒకటి. చైనా, మొరాకో, మన దేశం ఈ ఖనిజం తవ్వడంలో ముందు వరసలో ఉంటాయి. కొనేది ఎక్కువగా చమురు బావులు తవ్వే దేశాలు. బావి లోపలి నుంచి గ్యాసు, చమురు ఒక్కసారిగా ఎగదన్నకుండా పైనుంచి బరువైన బురద పోసి అదిమిపెడతారు. ఆ బురదకు బరువిచ్చేది ఈ రాతి పొడి. కాబట్టి దీని విలువంతా బరువులోనే ఉంది, టెర్మినల్లో దీనితో వచ్చే చిక్కులకూ ఆ బరువే మూలం.

1. బల్క్ టెర్మినల్ అనగానే మన దగ్గర బొగ్గు లెక్కతోనే మొదలుపెడుతున్నారు. ఒక ఘనపు మీటరు గుట్ట బొగ్గు సుమారు 0.8 టన్నులు తూగుతుంది. అదే ఘనపు మీటరు ముగ్గురాయి 2.9 టన్నులకు పైనే. ఓడల్లో బల్క్ సరుకులకు అంతర్జాతీయంగా పాటించే కోడ్‌లో కూడా టన్ను బరైటీస్‌కు 0.34 ఘనపు మీటరు చోటు చాలని ఉంది. గంటకు 1,500 టన్నుల బొగ్గు మోసే కన్వేయర్ బెల్టును నిండుగా ముగ్గురాయితో నింపితే అది గంటకు 5,400 టన్నులు మోయాలి. మోటారు ట్రిప్ అవుతుంది, లేదా బెల్టు తెగుతుంది. దూది మూటల కోసం కట్టిన అటక మీదికి ఇనుప గుండ్లు ఎక్కించినట్టు ఉంటుంది పని. అందుకని రేవువాళ్లు భయపడి బెల్టు మీద పలచగా పోస్తారు. తప్పులేదు. కానీ పలచగా పోయడానికి సరుకును బెల్టు మీదికి జార్చే హాపర్ గేటు, ఫీడరు అందుకు తగ్గట్టు ఉండాలి కదా. బొగ్గు గేటును కొంచెం తెరిస్తే పెద్ద రాయి అడ్డం పడుతుంది, ఎక్కువ తెరిస్తే బెల్టు నిండిపోతుంది. ఇద్దరు మనుషులు గడ్డపారలు పట్టుకుని గేటు దగ్గర నిలబడతారు. ఆ ఇద్దరికీ ప్రమాద బీమా ఉందో లేదో ఎవరూ అడగరు.

2. నేల సంగతి. తూర్పు తీరంలో చాలాచోట్ల పైన ఇసుక, కింద మెత్తటి బంకమట్టి. 6 మీటర్ల ఎత్తున బొగ్గు పోస్తే చదరపు మీటరు మీద పడేది 5 టన్నుల లోపే. అదే ఎత్తున మా రాయి పోస్తే 17 టన్నులు దాటుతుంది. నేలను 5 టన్నులకే గట్టిపరిచి వదిలేసిన యార్డులో ముగ్గురాయిని మనిషెత్తుకు మించి పోయనివ్వరు. మించితే నేల కుంగుతుంది, పక్కనే గుట్టలు పోసే స్టాకర్ యంత్రం పట్టాలు వంకర పోతాయి. దీని ఫలితం మాకు అద్దె బిల్లులో కనిపిస్తుంది. యార్డు అద్దె చదరపు మీటరు లెక్కన కడతాం. నేల గట్టిగా ఉంటే అదే చోట మూడింతల సరుకు పెట్టుకోవచ్చు, అంటే టన్ను మీద పడే అద్దె మూడో వంతుకు దిగుతుంది. కట్టేటప్పుడు ఒక మూల 2 ప్లాట్ల కింద కంకర స్తంభాలు దింపి గట్టిపరచడానికి అయ్యే ఖర్చు రేవుకు ఒక్కసారి. అది చేయకపోతే మేము ప్రతి ఓడకూ కట్టుకుంటూ పోవాలి.

3. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది సరుకు కలిసిపోవడం. దీన్ని కాస్త వివరంగా రాయనివ్వండి.

చమురు బావులకు వెళ్లే బరైటీస్‌కు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణం ఉంది. సాంద్రత, అంటే నీటితో పోలిస్తే రాయి ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె, కనీసం 4.20 ఉండాలి. 2010 తర్వాత 4.10 గ్రేడును కూడా ఒప్పుకున్నారు. ఈ రెండింటికీ ధర ఒకటి కాదు. ఆ 0.1 తేడా మీదే మా దగ్గర మిల్లులు నడవడమో మూతపడడమో ఉంటుంది. నీళ్లలో కరిగే కాల్షియం లాంటి లవణాలు పొడిలో కిలోకు 250 మిల్లీగ్రాములు దాటకూడదని కూడా ఆ ప్రమాణం చెబుతుంది. కాల్షియం ఎక్కువైతే బావిలోని బురద గడ్డకట్టి పాడవుతుంది.

ఇప్పుడు రేవులో జరిగేది చూడండి. నిన్నటిదాకా జిప్సం పోసిన ప్లాటును పేలోడరుతో గీకి, ఊడ్చామనిపించి, ఈరోజు మా రాయికి ఇస్తారు. అడుగున జిప్సం పొర మిగిలే ఉంటుంది. ఎత్తేటప్పుడు పేలోడరు బకెట్టు ఆ పొరను కూడా లేపుతుంది. జిప్సం కాల్షియం సరుకు, పైగా నీళ్లలో కొంత కరుగుతుంది. గనిలో బాగున్న రాయి, మిల్లు దగ్గర శాంపిల్ పాసైన రాయి, అవతలి దేశంలో ఫెయిలవుతుంది. కొన్నవాడు ధరలో కోత పెడతాడు. ఎగుమతిదారు ఆ కోతను మిల్లు మీద వేస్తాడు. మిల్లు యజమాని ఆ నెల కూలీల బట్వాడా ఆపుతాడు. ఇలాంటిది మా కళ్ల ముందే జరిగింది. పక్క ప్లాటు బొగ్గు దుమ్ము గాలికి వచ్చి పడడం ఇంకొకటి. మంగంపేట రాయి బూడిద రంగులో ఉంటుంది గనక కంటికి అంతగా తెలియదు. వేముల, పులివెందుల వైపు దొరికే తెల్ల ముగ్గురాయి రంగుల పరిశ్రమకు పోతుంది, దాని ధర తెల్లదనానికే. దాని మీద బొగ్గు పడితే ఇక ఆ సరుకును ఎవరికి అమ్మాలి?

ఈ సమస్యకు విరుగుడు మీకు తెలియనిది కాదు. ప్లాట్ల మధ్య కాంక్రీటు గోడలు, అడుగున గట్టి ఫ్లోరింగు, సరుకు మారినప్పుడు బెల్టులను, సరుకు జారే గొట్టాలైన చ్యూట్లను కడిగి సర్వేయరు సంతకం పెట్టే పద్ధతి. ఇంకో మాట కూడా చెప్పాలి. మంచి యార్డు గ్రేడును చెడగొట్టకుండా ఉండడమే కాదు, బాగుచేయగలదు కూడా. స్టాకరుతో గుట్ట పొడుగునా పొర మీద పొర పోసి, రీక్లెయిమరుతో అడ్డంగా కోసుకుంటూ ఎత్తితే 4.15 రాయి, 4.25 రాయి సమంగా కలిసి ఓడకు ఒకే గ్రేడుగా పోతుంది. తక్కువ గ్రేడని గని పక్కన పడి ఉన్న రాయికి కూడా ఆ పద్ధతిలో విలువ వస్తుంది. ఇనుప ఖనిజం రేవుల్లో ఇది కొత్త విద్య కాదు. మా దాకా రాలేదంతే.

4. ఈ రాయి బరువే గానీ గట్టిది కాదు. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద 3 నుంచి 3.5 మధ్య ఉంటుంది, ఎత్తు నుంచి పడితే పగులుతుంది. లారీ నుంచి గుట్టకు, గుట్ట నుంచి హాపరుకు, ఒక బెల్టు నుంచి ఇంకో బెల్టుకు, చివరికి ఓడలో సరుకు పోసే గదిలోకి, అంటే హోల్డులోకి, అన్నీ పడడాలే. చిన్న ఓడ ఖాళీ హోల్డు కూడా 15 మీటర్ల లోతు ఉంటుంది. షిప్ లోడరుకు కిందిదాకా దిగే టెలిస్కోపిక్ చ్యూట్ లేకపోతే లంప్ (పొడి చేయని రాయి) అంతా నుసి అవుతుంది. ఆ నుసిలో కొంత గాలికి, మిగతాది కొన్నవాడి కోతకు పోతుంది. ఓడ అడుగు రేకు మీద పడే దెబ్బ వేరే. కెప్టెన్ అభ్యంతరం చెప్పి లోడింగు ఆపితే ఆ గంటల లెక్క మళ్లీ మా నెత్తినే.

ఓడ గురించి ఇంకొకటి. 50,000 టన్నుల ముగ్గురాయి పట్టేది 17,000 ఘనపు మీటర్లే. ఆ సైజు ఓడ హోల్డుల్లో మొత్తం చోటు సుమారు 70,000 ఘనపు మీటర్లు. అంటే పావు వంతు మాత్రమే నిండుతుంది, బరువంతా అడుగున కూర్చుంటుంది. టన్నుకు 0.56 ఘనపు మీటరు, అంతకన్నా తక్కువ చోటు పట్టే సరుకును పైన చెప్పిన అంతర్జాతీయ కోడ్ అధిక సాంద్రత సరుకుగా లెక్కగట్టి, అడుగు రేకు ఎంత బరువు ఓర్చుకుంటుందో చూసి సమంగా సర్దమంటుంది. షిప్ లోడరు బూమ్ హోల్డు మూలలదాకా అందకపోతే లోపలికి బుల్‌డోజరు దించి సర్దాలి. ఆ బుల్‌డోజరు పక్కన పారలు పట్టుకుని దుమ్ములో నిలబడేది మనుషులే.

5. పెద్ద ఓడల కోసం పెద్ద టెర్మినల్ అంటున్నారు. లక్షన్నర టన్నుల ఓడలకు తగ్గ బెర్తు ఉంటే ఇనుప ఖనిజానికి, బొగ్గుకు మేలే. ముగ్గురాయి ఆ సైజులో పోదు. మాకు వచ్చేవి ఎక్కువగా 30,000 నుంచి 55,000 టన్నుల ఓడలు, అందులో మళ్లీ ముగ్గురు నలుగురు ఎగుమతిదారుల పార్శిళ్లు. పెద్ద గుట్ట ఒక్కటే పోసే యార్డులో 5,000 టన్నులవాడికి చోటుండదు. చోటు దొరకనివాడు దొరికినవాడికి తక్కువకు అమ్ముకుని పోతాడు. ఇలా రెండేళ్లు గడిస్తే వ్యాపారం ఇద్దరు ముగ్గురి చేతుల్లోకి వెళ్లిపోతుంది. డిజైన్ మీటింగులో ఇది ఎవరూ అనుకుని చేసే పని కాదని నాకు తెలుసు. డ్రాయింగులో ప్లాటు సైజు అనే చిన్న అంకె వల్ల జరిగిపోతుంది.

6. తూకం. మిల్లు దగ్గర వేబ్రిడ్జి ఒక అంకె చెబుతుంది, రేవు గేటు దగ్గర వేబ్రిడ్జి ఇంకొకటి. చివరికి డబ్బు వచ్చేది ఓడ నీళ్లలో ఎంత దిగిందో కొలిచి కట్టే డ్రాఫ్ట్ సర్వే మీద. ఆ సర్వేలో అర శాతం అటూ ఇటూ మామూలే అంటారు. 50,000 టన్నుల మీద అర శాతం 250 టన్నులు, మా లారీల్లో అయితే పది లారీల దాకా సరుకు. అది ఎవరి ఖాతాలో పోయిందో తేల్చడానికి మధ్యలో నమ్మదగిన తూకం ఏదీ లేదు. బెల్టు మీదే తూచే యంత్రం, బెల్టు మీదే శాంపిల్ తీసే యంత్రం పెట్టి, వాటిని ఎప్పటికప్పుడు సరిచూసిన కాగితాలు మాకు కూడా ఇస్తే సగం తగాదాలు ఉండవు. గుట్ట అంచున పారతో తీసిన శాంపిల్ మీద లక్షల రూపాయలు అటూ ఇటూ కావడం న్యాయమా, మీరే చెప్పండి.

7. దుమ్ము విషయంలో రేవు ఊరివాళ్లు, మేము ఒకే పక్షం. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మమ్మల్ని వాళ్లకు శత్రువులుగా చూపించడం చాలామందికి సులువు. 1976లో విశాఖ ఔటర్ హార్బరు మొదలై బైలదిల్లా ఇనుప ఖనిజం ఓడలకెక్కుతుంటే, అక్కడి వన్ టౌన్ జనం ఇళ్ల మీద పడే ధూళి గురించి దశాబ్దాల పాటు మొత్తుకున్నారు. చెన్నై రేవులో 2011లో మద్రాసు హైకోర్టు ఆదేశంతో బొగ్గు, ఇనుప ఖనిజం ఎత్తడం ఆగిపోయింది. ఆ ఊరి జనం అడిగినదాంట్లో తప్పులేదు. కానీ దుమ్మును ముందే పట్టుకోని డిజైన్ చివరికి కోర్టు దాకా వెళుతుంది. కోర్టు ఆపిన రోజున వెనక ఉన్న గనులు, మిల్లులు, లారీలు అన్నీ ఆగుతాయి. రేవు ఊరి ఊపిరి, మా ఊరి కూడు ఒకే డ్రాయింగులో ఉన్నాయి.

దుమ్మంటే నీళ్లు చల్లితే సరి అనుకోకండి. ఎక్కువ చల్లితే రాయిలో తేమ పెరుగుతుంది, తేమ బరువుకు కొన్నవాడు డబ్బివ్వడు. మూత ఉన్న బెల్టులు, మార్పిడి చోట్ల దుమ్ము లాగే ఫిల్టర్లు, బాగా సన్నని తుంపర మాత్రమే చల్లే యంత్రాలు, ఇవి కావాలి.

మనుషుల మాట కూడా ఇక్కడే. బేరియం సల్ఫేట్ విషం కాదు. ఎక్స్-రే తీసేముందు ఆస్పత్రుల్లో తాగించేది కూడా అదే. అయితే ఏళ్ల తరబడి ఈ దుమ్ము పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు ఎక్స్-రేలో మచ్చలు మచ్చలుగా కనిపిస్తాయి. డాక్టర్లు దాన్ని బెరిటోసిస్ అంటారు. అది అంతగా ప్రాణం తీసేది కాదంటారు. కానీ రాయితోపాటు సిలికా కలిసి ఉంటే సంగతి వేరు, అది సిలికోసిస్‌కు దారి తీస్తుంది. ఆ మచ్చలు క్షయవో, దుమ్మువో, సిలికావో తేల్చే పరీక్ష కాంట్రాక్టు కూలీకి ఎవరు చేయిస్తారు? రేవు గేటు లోపల పనిచేసే లోడింగు కూలీలకు ఏటా ఊపిరితిత్తుల పరీక్ష ఉండాలన్నది డిజైన్ విషయం కాదనిపించవచ్చు. ఆ పరీక్షకు గది, యంత్రం ఎక్కడ పెడతారో డ్రాయింగులో ఉంటే అది డిజైన్ విషయమే అవుతుంది.

8. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. వాన పడుతుంటే హ్యాచ్ మూస్తారు, లోడింగు ఆగుతుంది, అది ఎవరూ తప్పించలేరు. షెడ్డు, మురుగు కాలువ ఉంటే వాన వెలిసిన గంటకు పని మొదలవుతుంది. లేకపోతే నీళ్లు నిలిచిన యార్డు ఆరేదాకా రోజులు గడుస్తాయి. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్లను ముంచినప్పుడు నందలూరు, రాజంపేట మధ్య రైలు పట్టాలు కూడా కొట్టుకుపోయాయి. అలాంటప్పుడు రేవులో ముందే నిల్వ ఉన్న సరుకే ఓడను నింపాలి. నిల్వకు కప్పున్న చోటు లేకపోతే ఓడ ఖాళీగా నిలబడుతుంది, రోజుకింత అని డెమరేజ్ పడుతుంది, ఆ డాలర్ల లెక్క చివరికి టన్ను రేటులో కోతగా మా మిల్లుకు వస్తుంది.

9. ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలం దాకా 110 కిలోమీటర్లకు పైన కొత్త రైలు మార్గం 2019 సెప్టెంబరు 1న మొదలైంది. చెర్లోపల్లి దగ్గర కొండను తొలిచి 6.6 కిలోమీటర్ల సొరంగం కూడా వేశారు. ముగ్గురాయి గని పక్కనుంచి సముద్రం వైపుకు నేరుగా దారి పడింది. ఆ రోజు మావాళ్లు పడ్డ సంతోషం అంతా ఇంతా కాదు. అయినా చిన్న మిల్లుల సరుకు ఎక్కువగా ఘాట్ రోడ్డు మీద లారీల్లోనే పోతోంది.

కారణం మళ్లీ బరువూ, సైజూ. 58 వ్యాగన్ల గూడ్స్ రైలు (రేక్) నింపాలంటే 3,500 టన్నులకు పైనే సరుకు ఒకేసారి కావాలి. చిన్న మిల్లుకు అది నెలల పని. వ్యాగనుకు 56 ఘనపు మీటర్ల చోటు ఉంటుంది, ముగ్గురాయి 20 ఘనపు మీటర్లు పోయగానే బరువు నిండిపోతుంది. చూసేవాడికి వ్యాగను ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. ఇంకో బకెట్టు వేస్తే ఓవర్‌లోడు జరిమానా. లారీల్లోనూ ఇదే తంటా. బాడీ సగం ఖాళీగా కనిపిస్తుంటే ఇంకాస్త వేయమనే ఒత్తిడి డ్రైవరు మీద పడుతుంది, దిగుడులో బ్రేకులు పట్టకపోతే పోయేది అతని ప్రాణం.

రేవు దగ్గర లారీల క్యూ గురించి ఎంత రాసినా తక్కువే. నీడ లేదు, నీళ్లు లేవు, మరుగుదొడ్డి లేదు. రోడ్డు పక్కన రాత్రంతా లారీ కింద పడుకుంటారు. ఒక ట్రిప్పు ఆలస్యమైతే ఆ నెల కిస్తీ తప్పుతుంది. టోకెను ఇచ్చి, ఫలానా గంటకు రమ్మని ఫోనుకు మెసేజ్ పంపడం ఈ రోజుల్లో పెద్ద విద్యేం కాదు.

10. చివరిగా పొడి. లంప్ ఎగుమతి చేస్తే గనికి డబ్బు వస్తుంది. పొడి చేసి పంపితే ఊరికి డబ్బు వస్తుంది. మిల్లు ఆపరేటరు, ఎలక్ట్రీషియను, జంబో బ్యాగులు నింపే మనుషులు, సంచులు కుట్టే ఆడవాళ్లు, టీ అంగడి, అందరూ పొడి మీద బతికేవాళ్లే. పొడికి వాన తగలని గోదాము, జంబో బ్యాగులు ఎత్తే క్రేను, కంటైనర్లకు అందుబాటు కావాలి. టెర్మినల్ డ్రాయింగు మొత్తం లంప్ కోసమే గీస్తే, ఇక్కడి మిల్లులను మూసేయమని ఎవరూ ఉత్తర్వు ఇవ్వనక్కర లేదు. అవే మూతపడతాయి.

మేము అడిగేవి ఇవి.

(అ) ఖనిజ టెర్మినల్ డిజైన్‌కు ఆధారంగా తీసుకున్న సరుకుల జాబితా, ఒక్కో సరుకుకు వాడిన సాంద్రత, యార్డు నేల ఓర్చుకునే బరువు బయటపెట్టండి. ఆ జాబితాలో బరైటీస్ లేకపోతే చేర్చండి.

(ఆ) కనీసం 2 ప్లాట్లను ముగ్గురాయి బరువుకు తగ్గట్టు గట్టిపరిచి, గోడలు కట్టి, కప్పు వేసి, జిప్సం, సున్నపురాయి, బొగ్గు వాటిల్లోకి రాకుండా కేటాయించండి. 5,000 టన్నుల పార్శిల్‌కు కూడా చోటు దొరికేలా వాటిని విభజించండి.

(ఇ) షిప్ లోడరుకు టెలిస్కోపిక్ చ్యూట్, బెల్టు మీద తూకం, బెల్టు మీద శాంపిల్ యంత్రం టెండరు షరతుల్లోనే పెట్టండి. తర్వాత చేరుస్తామనే మాట మీద మాకు నమ్మకం లేదు.

(ఈ) ఓబులవారిపల్లె దగ్గర అందరూ వాడుకునే లోడింగు ప్లాట్‌ఫారం కట్టించండి. నాలుగైదు మిల్లులు కలిసి ఒక గూడ్స్ రేక్ నింపుకునేలా రైల్వే, గనుల శాఖ, రేవు ముగ్గురూ ఒకచోట కూర్చుని నిబంధన రాయండి. ముగ్గురూ విడివిడిగా మమ్మల్ని ఒకరి దగ్గరికి ఒకరు పంపించడం ఇక ఆపండి.

(ఉ) లారీలకు టోకెను పద్ధతి, డ్రైవర్లకు నీడ, నీళ్లు, మరుగుదొడ్లు. లోడింగు కూలీలకు ఏటా ఊపిరితిత్తుల పరీక్ష, ఆ కాగితం కూలీ చేతికే.

(ఊ) పర్యావరణ అనుమతుల కోసం 2006 నోటిఫికేషన్ ప్రకారం జరిపే ప్రజాభిప్రాయ సేకరణ తీరంలోనే పెట్టుకోండి, అభ్యంతరం లేదు. సరుకు వచ్చే జిల్లాల్లో కూడా ఒక సంప్రదింపుల సమావేశం పెట్టండి. కడపలో ఒకటి, డోన్ లేదా బేతంచెర్లలో ఒకటి, తాడిపత్రిలో ఒకటి. నాపరాయివాళ్లకు, సున్నపురాయివాళ్లకు మాకన్నా వేరే ఇబ్బందులు ఉంటాయి, వాళ్ల నోటే వినండి.

ఇవన్నీ ఒప్పుకుంటే ఖర్చు పెరుగుతుందని మీరు అంటారని తెలుసు. పెరుగుతుంది. ఆ పెరిగిన ఖర్చును టన్నుకు ఇంత అని మా మీద వేసినా కూర్చుని లెక్క మాట్లాడుకోవడానికి సిద్ధం. ఇప్పుడు కోతలు, డెమరేజ్, అద్దెల పేరుతో పోగొట్టుకుంటున్నది ఎంతో మా పుస్తకాల్లో ఉంది, తెచ్చి చూపిస్తాం. మా అభ్యంతరం ఖర్చు మీద కాదు, మమ్మల్ని అడగకుండా గీయడం మీద.

ఈ లేఖ ప్రతిని రేవు, గనులు, రైల్వే మూడు శాఖలకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాం. 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. ఒప్పుకోని అంశం ఉంటే ఎందుకు ఒప్పుకోవడం లేదో రాయండి. జవాబు రాకపోతే డిజైన్ ఆధారాల కాగితాల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు వేస్తాం. మీ డిజైన్ బృందం ఎప్పుడు వస్తామన్నా గుట్టలు, మిల్లులు, గూడ్స్ షెడ్డు దగ్గరుండి చూపిస్తాం. ప్రతి గ్రేడులోనూ శాంపిళ్లు సంచుల్లో కట్టి సిద్ధంగా ఉంచాం. మీ ల్యాబులోనే పరీక్ష చేయించుకోండి.

ఇట్లు,
ముగ్గురాయి మిల్లుల తరఫున ఒక డిస్పాచ్ ఉద్యోగి,
కడప